కొత్తదంటే కొత్తదే

పోయిన వారం చెప్పడం ఆపేసరికి నేను రేపల్లె బస్టాండులో దిగి నిలబడి ఉన్నాను. భుజాన కాలేజీ ల్యాప్‌టాప్ బ్యాగు, అందులో చుట్ట చుట్టిన పసుపు రంగు కేబుల్. ఆ రోజు రెండో శనివారం, కాలేజీకి సెలవు. మా నాన్న జకరయ్యకి పని మీద వెళ్తున్నానని మాత్రమే చెప్పి బయల్దేరాను. ఏం పని అని ఆయన అడగలేదు. మా అమ్మాయి ఏం చేసినా సరిగ్గానే చేస్తుందని ఆయన నమ్మకం. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను. తెనాలిలో వేంకటేశ్వర్లు గారి డీటీపీ సెంటర్లో మూడేళ్ళు పనిచేశాను. ఆయన రాసిచ్చిన ఉత్తరంతో బాపట్లలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. సెంటర్లో నా కుర్చీలోకి స్నేహలత వచ్చింది. ఆరు నెలల కిందట అక్కడ రోజూ పనిచేసే కంప్యూటర్ గుర్రుమంటూ ఆగిపోయేలా ఉందని, అందులో ఉన్నదంతా పక్క కంప్యూటర్లోకి కేబుల్‌తో ఎక్కించమని వేంకటేశ్వర్లు గారు స్నేహలతకి చెప్పారు. ఎలాగో చెప్పమని స్నేహలత నాకు ఫోన్ చేసింది. నేను చెప్పాను, తను చేసింది. పని తిరగబడింది. నేను ఉద్యోగం మానేసిన నాటి ఫైళ్ళు వచ్చి నిన్నటి ఫైళ్ళ మీద కూర్చున్నాయి. శేషారత్నం టీచరు గారు పది నెలల పాటు నోటితో చెబితే, నేను పేరు పెట్టి ఖాళీగా తెరిచి వచ్చిన ఫైల్లోనే స్నేహలత టైపు చేసిన నాలుగు వందల పన్నెండు పొడుపుకథలు పోయాయి. టీచరు గారికి కళ్ళలో నీటికాసులు వచ్చి చూపు దాదాపు పోయింది. అందుకే కాగితం మీద ఒక్క ముక్క కూడా లేదు.

వేంకటేశ్వర్లు గారు నాకు ఫోన్ చేసి, "ఏమ్మా హెప్సీ, ఆ పిల్లకి నువ్వెలా చెప్పావు?" అని అడిగారు.

"సరిగ్గానే చెప్పాను సార్" అన్నాను.

ఆ ఒక్క మాటతో స్నేహలత ఉద్యోగం పోయింది. ఆ మాట అబద్ధమా అంటే, అక్షరాలా అబద్ధం కాదు. ఆరు నెలలుగా నాకు అన్నం సహించకపోవడానికి కారణం అదే.

వాళ్ళ ఇల్లు స్టేషన్ వెనక వీధిలో ఉంది. ఎవరినీ అడగకుండానే తెలిసేలా గోడ మీద 'చీరలకు ఫాల్స్ కుట్టబడును' అని ఎర్ర రంగుతో రాసి ఉంది. అరుగు మీద స్నేహలత వాళ్ళమ్మ శోభారాణి గారు ఒళ్ళో గంధం రంగు చీర పెట్టుకుని కుడుతున్నారు. గుమ్మం పక్కన మూడు జతల చెప్పులు. గోడకి ఆనించి ఒక చేతికర్ర. ఇంట్లో పెద్దావిడ ఎవరో ఉన్నారనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

"ఎవరమ్మా?"

"స్నేహలతతో మాట్లాడాలండి. బాపట్ల నుంచి వచ్చాను. నా పేరు..."

"హెప్సిబా కదూ." ఆవిడ సూది ఆపలేదు. "నీ గొంతు తెలుసులే. రా, కూర్చో. ఎండన పడి వచ్చావు, మంచినీళ్ళు తాగు."

నా గొంతు ఆవిడకి ఎలా తెలుసో నాకు అర్థం కాలేదు. నేను ఆ ఇంటికి ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

"బాపట్ల ఉద్యోగం బాగుందా?"

"బాగుందండి."

"పర్మనెంటు చేస్తున్నారంటగా?"

"ఇంకా తెలీదండి. ఈ నెల్లో తేలుద్ది అంటున్నారు."

"మంచిది. చదువుకున్న పిల్లవి." ఆవిడ దారం పంటితో కొరికారు. "మా పిల్లని ఇక్కడ స్కూల్లో ఆఫీసు పనికి రమ్మన్నారు. ముందు పనిచేసిన చోట ఒక మాట కనుక్కుంటాం అన్నారు. కనుక్కున్నారు. ఇంకంతే, మళ్ళీ పిలవలేదు. ఇప్పుడు చెరుకుపల్లిలో ఇంకో స్కూలుంది. వాళ్ళూ సోమవారం తెనాలికి ఫోన్ చేసి కనుక్కుంటారంట. ఆయన మాత్రం పాపం ఏం చెప్తాడు? ఉన్న మాటే చెప్తాడు."

నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టాను. సోమవారానికి మధ్యలో ఒక్క ఆదివారమే ఉంది.

స్నేహలత లోపలి నుంచి వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఆరు నెలల్లో నాకంటే పెద్దదానిలా తయారైంది. కుడిచేతి వేళ్ళ మీద నీలం సిరా మరకలు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రా అక్కా. దార్లో బస్సు బాగా ఆపాడా?"

"నిజాంపట్నం రొయ్యల బుట్టలు ఎక్కించాడు. నా చీరంతా అదే వాసన."

"మాకు అలవాటే. మాకు తెలీదులే" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నా ధైర్యం సగం పోయింది. తిడుతుందని సిద్ధపడి వచ్చాను. నవ్వుతుందని కాదు.

ముందు గదిలో ఒక మూల పాత దుప్పటి కప్పి ఉన్నది ఏమిటో, దుప్పటి తియ్యకుండానే నాకు తెలిసింది. సెంటర్లో మూడేళ్ళు ఆ కంప్యూటర్ ముందే కూర్చున్నాను. దాని భుజాలు నాకు తెలుసు.

"సార్ తూకానికి వేసేద్దామంటుంటే నేనే అడిగి తెచ్చుకున్నానక్కా."

"దీన్ని తెచ్చి ఏం చేస్తున్నావు?"

"ఏం చెయ్యలేదు. కనీసం ప్లగ్ కూడా పెట్టలేదు. ముట్టుకుంటే ఉన్నది కూడా పోతుందేమోనని భయం. లోపల ఎక్కడో ఒక మూల మిగిలి ఉంటాయేమోనని..." అని ఆపేసింది.

ఆ భయమే మనల్ని కాపాడొచ్చు అని నేను చెప్పాను. డిస్కు మీద ఒకదాన్ని తీసి ఇంకోటి రాసినా, అడుగున పాతది కొంత మిగిలే ఉంటుంది. దాని మీద మళ్ళీ మళ్ళీ రాస్తేనే పూర్తిగా పోతుంది. వెతికి తీసే సాఫ్ట్‌వేర్ ఉంది. కాలేజీలో ఒక పిల్లవాడి ప్రాజెక్టు పోతే దాంతోనే తీశాను. అయితే ఒక చిక్కుంది. దొరికినదాన్ని అదే డిస్కులో దాచకూడదు. దాస్తే, ఇంకా దొరకాల్సినదాని మీదే రాసినట్టవుతుంది. దొరికింది దొరికినట్టు వేరే కంప్యూటర్లోకి పోవాలి. ఈ ముసలిదాని పెన్‌డ్రైవ్ సందులు దుమ్ము పట్టి ఎప్పుడో చచ్చిపోయాయి. మిగిలింది కేబుల్ ఒక్కటే.

"అంటే మళ్ళీ అదే పని" అంది స్నేహలత.

"అదే పని. ఈసారి నేను చేస్తాను. నువ్వు పక్కనుండి చూడు."

దుప్పటి తీశాం. దుమ్ము తుడిచాం. ప్లగ్ పెడితే ముందు ఒకసారి మూలిగి, తర్వాత తిరగడం మొదలెట్టింది. నేను కేబుల్ బయటికి తీశాను. సెంటర్లో ఉండగా ఇలాంటివి రెండు నేనే తయారు చేసి, ఒకటి అక్కడుంచి ఇది తెచ్చుకున్నాను. ఎనిమిది సన్నటి తీగలు వరస పెట్టి, చివర గాజులాంటి ప్లాస్టిక్ ముక్కలో దూర్చి, పట్టకారుతో గట్టిగా నొక్కాలి. ఒక చివర నారింజ తీగలు ఉన్నచోట రెండో చివర ఆకుపచ్చవి రావాలి. దాన్ని క్రాస్ కేబుల్ అంటారు.

"ఎందుకక్కా అలా తిప్పడం?"

"మామూలుగా ఇంటర్నెట్ పెట్టె ఒకటి మధ్యలో ఉంటుంది కదా, మాటలు అటూ ఇటూ అదే చూసుకుంటుంది. మధ్యలో ఎవరూ లేకుండా రెండిటినీ కలిపితే, ఇది మాట్లాడే తీగ దానికి వినే తీగ కావాలి. రెండూ ఒకే తీగ మీద మాట్లాడితే ఎవరి మాట ఎవరికీ వినపడదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు అవే సర్దుకుంటాయనుకో. పాతవి సర్దుకోవు."

"నాకు ఆ రోజు ఇవేవీ చెప్పలేదు నువ్వు." మాటల్లో నిష్ఠూరమేమీ లేదు. ఉన్న విషయం చెప్పినట్టే అంది.

"చెప్పలేదు" అన్నాను.

ఒక చివర దాని వెనక, రెండో చివర నా ల్యాప్‌టాప్ పక్కన గుచ్చాను. టక్ మని శబ్దం వచ్చింది. సన్నటి ఆకుపచ్చ దీపం వెలిగింది. దీనికో అంకె, దానికో అంకె ఇచ్చాను, ఇంటి నంబర్లలాగా. అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి కాస్త సమయం పడుతుంది. ల్యాప్‌టాప్ తెర మీద చిన్న బొమ్మ ఒకటి వచ్చింది. అవతలి కంప్యూటర్ బొమ్మ అది. కింద దాని పేరు ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో.

స్నేహలత వంగి చదివింది. మళ్ళీ చదివింది.

"ఇదేంటక్కా? దీని పేరు 'కొత్తది' అని చూపిస్తోంది."

ఇదీ నేను వచ్చిన పని. బస్సులో మూడు రకాలుగా మొదలుపెట్టి చూసుకున్నాను. ఇలా మొదలవుతుందని మాత్రం అనుకోలేదు.

"కూర్చో స్నేహా" అన్నాను.

రెండు వేల పదకొండులో సెంటర్లో మొదటి కంప్యూటర్ పిడుగుకి కాలిపోయింది. దాని బదులు ఇది వచ్చింది. అప్పటి నుంచి దీన్ని అందరూ కొత్తది అనేవారు. కాలిపోయినదాన్ని తీసి పారేశాక కూడా దీని పేరు కొత్తదే. మా వైపు ఊళ్ళల్లో అంతే కదా. కట్టి ముప్ఫై ఏళ్ళయినా కొత్త బస్టాండు కొత్త బస్టాండే. నేను చేరేనాటికే ఇది ముసలిది. అయినా వేంకటేశ్వర్లు గారు "కొత్తదాన్లో ఫైలు తియ్యమ్మా" అంటే నేను దీని ముందుకే వెళ్ళి కూర్చునేదాన్ని. నేను మానేసే వారంలో పక్కన ఇంకోటి వచ్చింది, నల్లగా నిగనిగలాడుతూ. దీన్లో ఉన్నవన్నీ దాన్లోకి ఒకసారి ఎక్కించింది నేనే, ఇదే కేబుల్‌తో. తర్వాత స్నేహలత చేరింది; రోజువారీ పని మాత్రం దీని మీదే సాగింది. చేరిన పిల్లకి ఆయన రెండిటినీ చూపించి, "ఇది పాతది, అది కొత్తది" అని చెప్పారు. కళ్ళున్నవాళ్ళెవరైనా అలాగే చెప్తారు.

"నేను ఫోన్లో 'కొత్తదాంట్లోవి తీసి రెండోదాంట్లో వెయ్యి' అన్నాను. నేను కొత్తది అన్నది దీన్ని. నువ్వు అనుకున్నది దాన్ని. నువ్వు తప్పు చెయ్యలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేశావు. నా మాటే పాతబడిపోయింది."

స్నేహలత తెర వైపే చూస్తోంది.

"మరి నేను ఇన్నాళ్ళూ నాదే తప్పనుకున్నాను కదక్కా. అమ్మతో కూడా అదే చెప్పాను. సరిగ్గా వినలేదేమో, నా చెవులే తప్పేమో అని."

"నీది కాదు. నాది. పొరపాటు జరిగింది. సోమవారం లోపు సార్‌కి చెప్పేస్తాను. ఇద్దరం ఒకే మాట రెండు రకాలుగా అనుకున్నాం, అంతే."

చెప్పేశాను. గుండె మీద రాయి దించినట్టుంది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నా మీద నాకు కొంచెం గౌరవం కూడా కలిగింది. పని మీదకి మళ్ళాను. వెతికే సాఫ్ట్‌వేర్ నడిపించాను. తెర మీద సన్నటి పట్టీ ఒకటి వచ్చి, నత్త నడక మొదలెట్టింది. రెండు గంటలు పడుతుందని చూపించింది.

"అంతేనా అక్కా?" అంది స్నేహలత.

"అంతే. ఇక దానంతట అదే వెతుక్కుంటుంది."

"దాని సంగతి కాదు."

నేను తల తిప్పాను. తను ఫోన్ తీసి, ఏదో వెతికి, మా ఇద్దరికీ మధ్య బల్ల మీద పెట్టింది.

"నా ఫోన్లో కాల్స్ అన్నీ వాటంతటవే రికార్డు అవుతాయక్కా. కొన్నప్పటి నుంచీ అంతే. ఎలా ఆపాలో కూడా తెలీదు నాకు."

అరుగు మీద కుట్టు ఆగింది.

మొదట స్నేహలత గొంతు వచ్చింది, ఇప్పటికంటే చాలా చిన్నపిల్ల గొంతు. కేబుల్ పెట్టానక్కా, దీపం వెలిగిందక్కా. తర్వాత నా గొంతు. కొత్తదాంట్లోవి అన్నీ తీసి రెండోదాంట్లో వెయ్యి. రీప్లేస్ చెయ్యాలా అని అడుగుద్ది, అన్నిటికీ ఎస్ కొట్టు. స్నేహలత కాస్త ఆగి అడుగుతోంది. "కొత్తదంటే... కొత్తదేగా అక్కా?"

"కొత్తదంటే కొత్తదే. ఎన్నిసార్లు చెప్పాలి? క్లాసుకి టైమైపోతోంది నాకు, పెడుతున్నా."

నేను చెయ్యి చాపాను, ఆపడానికి. స్నేహలత ఫోన్ మీద అరచెయ్యి పెట్టింది. ఆపనివ్వలేదు.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. ఇన్ని వారాలుగా ఈ కథ మీకు చెప్తూ, ఇక్కడి నుంచి జరిగింది మీకు కూడా చెప్పలేదు. ఆ రోజు నేను ఫోన్ పెట్టేశాను అనే రాశాను. పెట్టలేదు. బల్ల మీద పెట్టాను, అంతే. ఎర్ర గుర్తు సరిగ్గా నొక్కలేదు; అవతల స్నేహలత నేను పెట్టేశాననుకుని ఫోన్ పక్కన పెట్టి పనిలో పడింది.

గిన్నె మూత తీసిన శబ్దం వచ్చింది. ల్యాబులో నాతో పనిచేసే దేవకుమారి గొంతు. "ఎవరే?"

"తెనాలి సెంటర్లో పిల్ల. అక్కడ పాతదాన్ని మేం కొత్తది అంటాం. ఆ పిల్ల దేన్ని అనుకుందో ఏంటో."

"మళ్ళీ చేసి చెప్పు మరి. ఏదైనా పోతే?"

"చేస్తాలే. ముందు పెసరట్టు తిననీ, చల్లారిపోతోంది."

నవ్వులు. అల్లం పచ్చడి ఇటివ్వు అన్న మాట. తర్వాత నిశ్శబ్దం, రికార్డింగ్ అయిపోయింది.

నేను బల్ల అంచు చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు నాకు క్లాసు లేదు. పదకొండు దాకా ఏ పనీ లేదు. పెసరట్టు తినడానికి ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత చెయ్యి కడుక్కున్నాను, తర్వాత దేవకుమారి చీరల గురించి ఏదో చెప్పింది, తర్వాత మర్చిపోయాను. సాయంత్రం గుర్తొచ్చింది. ఈపాటికి అయిపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఆ 'లే' అనే అక్షరం ఎన్నిసార్లు అనుకున్నానో నా జీవితంలో.

"ఇది ఎప్పుడు విన్నావు?" అన్నాను.

"ఉద్యోగం పోయి ఇంటికొచ్చాక. మొదట నా తప్పెక్కడుందో చూసుకుందామని, నా మాటల వరకే విని ఆపేసేదాన్ని. నాలుగో రోజు అమ్మ అన్నం కలిపి పెడుతుంటే ఆపడం మర్చిపోయాను. ఇద్దరం విన్నాం."

ఆరు నెలలు. శోభారాణి గారికి నా గొంతు ఎలా తెలుసో ఇప్పుడు అర్థమైంది.

"సార్‌కి ఎందుకు వినిపించలేదు?"

"నేనైతే మర్నాడే తెనాలి బండెక్కేదాన్ని" అన్నారు గుమ్మంలోంచి శోభారాణి గారు. "ఇది ఎక్కనివ్వలేదు."

స్నేహలత తన వేళ్ళ మీది సిరా మరక గోకుతోంది. "నువ్వే చెప్తావనుకున్నానక్కా. నాకు పేజ్‌మేకర్ నేర్పింది ఫోన్లో నువ్వేగా. వారం చూశాను. నెల చూశాను. తర్వాత తర్వాత, సరే, ఎన్నాళ్ళు మోస్తుందో చూద్దాం అనిపించింది. నన్ను మంచిదాన్ని అనుకోకు. అది కోపమే. ఇవాళ కూడా నువ్వు వచ్చి అంతా చెప్తావేమో, అప్పుడు ఈ రికార్డింగ్ తీసెయ్యొచ్చు అనుకున్నాను. అందుకే ఇందాక ఏమీ తెలీనట్టే మాట్లాడాను. సగమే చెప్పావు. ఇద్దరం రెండు రకాలుగా అనుకున్నాం అన్నావు. నువ్వు రెండు రకాలూ అనుకున్నావు కదక్కా. నీకు రెండూ తెలుసు."

తల ఊపాను. కళ్ళు తుడుచుకున్నాను. మళ్ళీ తల ఊపాను.

అప్పుడు లోపలి గదిలోంచి ఒక గొంతు వచ్చింది. తరగతి గది వెనక బెంచీ దాకా వినపడడానికి అలవాటుపడిన గొంతు.

"స్నేహా, ఆ ఫోన్లో గొంతూ, ఇప్పుడిక్కడున్న గొంతూ ఒకటేనా?"

గోడ పట్టుకుని శేషారత్నం టీచరు గారు వచ్చారు. చేతికర్ర ఎవరిదో, మూడో జత చెప్పులు ఎవరివో అప్పుడు తెలిసింది. స్నేహలత లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడ వెనకే గదిలో చాప మీద తెరిచి పెట్టిన పొడుగు నోటు పుస్తకం కనపడింది. పేజీ నిండా నీలం సిరా.

"టీచరు గారు ఈ నెల మొదట్నుంచీ ఇక్కడే ఉంటున్నారక్కా" అంది స్నేహలత. "గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు చెప్తున్నారు. నేను రాస్తున్నాను. ఈసారి కాగితం మీదే."

"ఎన్ని..." అన్నాను.

"నూట ముప్ఫై తొమ్మిది" అన్నారు టీచరు గారు. "నిన్నంతా కూర్చుంటే రెండొచ్చాయి. నాకు డెబ్బై తొమ్మిది. వేటపాలెంలో జీడిగింజలు కొట్టే షెడ్లలో నాకివి చెప్పిన ఆడవాళ్ళు సగం మంది ఇప్పుడు లేరు. మళ్ళీ వెళ్ళి అడగడానికి." ఆవిడ నా వైపుకి కాక, నాకు కొంచెం పక్కకి చూస్తున్నారు. "పెసరట్టు చల్లారకముందే తిన్నావా అమ్మా?"

"తిన్నానండి."

"మంచిది. చల్లారితే బాగోదు."

ల్యాప్‌టాప్ పక్కన ఆకుపచ్చ దీపం ఆరి వెలుగుతోంది. నేను చేతులు జోడించాను. ఆవిడకి కనపడదని జోడించాక గుర్తొచ్చింది.

"ఇందాక ఆ పిల్ల అంత మాట అంటే నీ నుంచి చప్పుడే లేదు. ఏం చేశావు? తల ఊపావా?"

"ఊపానండి."

"జీడి షెడ్లలో ఒక పద్ధతుందమ్మా. ఒకామె పొడుపుకథ వేస్తుంది. అవతలామె విప్పలేకపోతే 'ఓడిపోయాను' అని నోటితో అనాలి. తల ఊపితే ఒప్పుకోరు. ఎందుకో తెలుసా? చేతులు పనిలో ఉంటాయి. కళ్ళు గింజ మీద ఉంటాయి, తిప్పితే వేలు నలుగుద్ది. తల ఊపితే చూసేదెవరు? మొదట విన్నప్పుడు అదేదో ఆట నియమం అనుకుని రాసుకున్నాను. నా కళ్ళు పోయాక అర్థమైంది."

"ఓడిపోయానండి" అన్నాను. మళ్ళీ అన్నాను. "నాకు అనుమానం వచ్చింది. అయినా ఫోన్ చెయ్యలేదు. సార్ అడిగినప్పుడు ఉద్యోగం పోతుందని దాచాను. ఓడిపోయాను."

"నాకు కాదు. 'సరిగ్గానే చెప్పాను' అన్న మాట ఎవరితో అన్నావో, ఈ మాటా వాళ్ళతోనే అను."

"సోమవారం లోపు..."

"సోమవారం లోపు అంటే ఇప్పుడు కూడా వస్తుంది కదా" అన్నారు శోభారాణి గారు.

ఫోన్ తీశాను. వేంకటేశ్వర్లు గారి పేరు నొక్కి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాను. రెండోసారి మోగకుండానే ఎత్తారు.

"హెప్సీ, నీకు నూరేళ్ళాయుష్షమ్మా." ఆయన గొంతులో సంతోషం. వెనకాల ప్రింటర్ చప్పుడు. "ఇప్పుడే నీ గురించే అనుకుంటున్నాం. మీ కాలేజీ కరస్పాండెంట్ గారు సావనీరు పని మీద వచ్చి ఇక్కడే కూర్చున్నారు. నీ పర్మనెంటు కాగితాల్లో నేను రాసిచ్చిన ఉత్తరం ఉందంట. 'బాధ్యత గల మనిషి, కళ్ళు మూసుకుని పని అప్పగించవచ్చు' అని రాశానే, అది. నిజమేనా అని అడుగుతున్నారు. నిజమే సార్, ఇంకా తక్కువే రాశానని చెప్తున్నా. ఉండు, స్పీకర్లో పెడుతున్నా. నమస్కారం చెప్పు."

స్నేహలత బల్ల మీదకి వంగి గుసగుసగా, "తర్వాత చేద్దువులే అక్కా, పెట్టెయ్" అంది. ఎర్ర గుర్తు మీదకి తన వేలు వెళ్ళింది. 'అది కోపమే' అన్న పిల్ల. ఆరు నెలలు ఎదురుచూసిన పిల్ల.

తన 'లే' విన్నాను. ఆ అక్షరం నాకు బాగా తెలుసు. తన చెయ్యి పట్టుకుని పక్కకి జరిపాను.

ఒక్కసారి మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ ఉత్తరం నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. 'బాధ్యత గల' అన్న చోట ఆపి, ఇంకోసారి చదవమన్నాడు.

"నమస్కారమండి" అన్నాను. "వేంకటేశ్వర్లు సార్, ఆరు నెలల కిందట మీరు ఎలా చెప్పావని అడిగితే, సరిగ్గానే చెప్పానన్నాను. సరిగ్గా చెప్పలేదు సార్. చెప్పలేదని ఆ రోజే నాకు తెలుసు. స్నేహలత తప్పు ఒక్కటి కూడా లేదు. ఆ ఉత్తరంలో రాసిన మనిషిని నేను కాదు."

అవతల ప్రింటర్ ఆగింది. ఎవరో కుర్చీ ముందుకి జరుపుకున్న శబ్దం. తర్వాత వచ్చిన గొంతు వేంకటేశ్వర్లు గారిది కాదు.

"ఏం సరిగ్గా చెప్పలేదమ్మా? మొదటి నుంచి చెప్పు. తొందరేం లేదు. ఉత్తరం నా చేతిలోనే ఉంది."